ప్రశ్న ఉత్పన్నం కాదు

నాకు తెలిసింది లెక్క. రాజకీయం కాదు.
గవ్వలపేట బీటు పోస్టుమేన్ని, పందొమ్మిదేళ్లు.
కళింగపట్నం నుంచి ఇసుక మొదలయ్యేదాకా సైకిలు,
అక్కణ్నుంచి చెప్పులు హేండిలుకి తగిలించి నడక.

ఆ ఏడు శ్రావణంలో ఎమ్మెల్యే చిన్నమ్మడుగారు
పోస్టాఫీసు అరుగు మీద చతికిలబడి
"వెరావలు నుంచి నెలకెన్ని మనియార్డర్లొస్తాయి బావూ?" అన్నారు.
"పేర్లు చెప్పనమ్మా, ఉద్యోగ ధర్మం."
"పేర్లెవరడిగారు? అంకె చెప్పు."

ఆ రాత్రి లాంతరు దగ్గర
పాత డైరీలు తిరగేశాను.
కార్తీకంలో నూట ముప్ఫై రెండు.
మాఘంలో నూట అరవై ఒకటి.
వేలిముద్రలన్నీ ఆడవాళ్లవే.
ఉప్పుకి పగిలిన బొటనవేలికి
సిరా సరిగా అంటదు,
రెండోసారి నొక్కించాలి.
అది ఏ గడిలో రాయాలో తెలీక వదిలేశాను.

నక్షత్ర గుర్తు గల ప్రశ్న, నాలుగువందల పదిహేడు.
(అ) గవ్వలపేటకి జెట్టీ మంజూరైన మాట వాస్తవమేనా?
(ఆ) జెట్టీ లేక మత్స్యకారులు వలసపోతున్నారా?
(ఇ) అయితే, ఎంతమంది?

మంత్రిగారు చదివారు:
(అ) పరిశీలనలో ఉన్నదండి.
(ఆ) లేదండి.
(ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు.

ఇదంతా నేను చూడలేదు.
సభ కార్యక్రమాల పుస్తకం బుక్‌పోస్టులో వస్తే
ఆవిడ ఇంటికి ఇచ్చింది నేనే.
గుమ్మంలోనే చింపి నాకు చదివి వినిపించారు,
బ్రాకెట్లతో సహా.

"అధ్యక్షా, ఊరు వదలని మనుషులు
గుజరాతు నుంచి డబ్బెలా పంపుతున్నారో
మంత్రిగారు సెలవివ్వాలి. (నవ్వులు)
కార్తీకంలో నూట ముప్ఫై రెండు. (అంతరాయం)
మాఘంలో నూట అరవై ఒకటి..."
"సమాచారం తెప్పించి సభ ముందుంచుతామండి."
"ఎప్పటిలోగా?"
(గంట)
తర్వాతి ప్రశ్న.

చిన్నమ్మడుగారికి ఉపన్యాసాలు రావు.
ఆరో తరగతికి లెక్కలు చెప్పిన మనిషి.
తప్పు చేసిన పిల్లాణ్ని కొట్టరట,
బోర్డు దగ్గరే నిలబెట్టి
మళ్లీ చెయ్యి అంటారట.
అలాగే ఆ ఎర్ర తివాచీ మీద నిలబడి
ప్రతి సమావేశానికీ అదే అడిగారు,
అదే గొంతుతో, అదే చేనేత చీరతో.
సొంత పార్టీవాళ్లే గడియారం చూసుకునేవారట.

తెప్పించిన సమాచారం ముందుగా నా మీదికొచ్చింది.
శ్రీకాకుళం నుంచి మెమో:
అంకెలు బయటికెలా పోయాయి? సంజాయిషీ ఇవ్వవలెను.
మూడు కాగితాలు పాడుచేసి, నాలుగోదాని మీద రాశాను:
చిరునామాదారుల పేర్లు ఎవరికీ చెప్పియుండలేదు,
కావున ప్రశ్న ఉత్పన్నం కాదండి.
ఒక ఇంక్రిమెంటు ఆపేశారు.
రాసేటప్పుడు మాత్రం చేతికి హాయిగా ఉండింది,
అబద్ధమెందుకు.

పద్నాలుగు నెలలకి సవరించిన జవాబొచ్చింది.
(ఆ) అవునండి.
ఒక్క మాట. పద్నాలుగు నెలలు.
(ఇ) దగ్గర ఇంకా
వివరాలు సేకరిస్తున్నారు.
జెట్టీ మాట పైకి రాలేదు,
తీరం పొడుగునా పడవలు
భుజాల మీదే ఇసుక దాటుతున్నాయి.

ఆ వారం గనగళ్ల ఎర్రమ్మకి
రెండువందల యాభై వచ్చింది, కొడుకు దగ్గర్నుంచి.
"ఉత్పన్నం అంటే ఏటి బావూ?
ఊరంతా అదే అనుకుంటన్నారు."
"పుట్టడం."
నోట్లు మూడుసార్లు లెక్కెట్టుకుని అంది:
"మా ఇల్లల్ల పుట్టినోల్లందర్నీ రైలెక్కించేసినాం గాని,
మా పేట కోసం పశ్నొకటి పుట్టనేదేటి మరి?"
"పుట్టిందే! అమ్మగారు అడిగారు కదా."
"అడిగినారు. పుట్టినాక పెంచాల గదేటి."

ఫారం ముందు పెట్టాను.
బొటనవేలు సిరాలో ముంచి, నొక్కి,
పైకెత్తి, తలవంచి చూసుకుంది.
"ఈపాలి సరిగ్గా పడినాదా?
లేపోతే మల్లీ నొక్కుతాను."